స్థితి సందేశం (పాఠ్య టెర్మినల్)

కంప్యూటరులో నడుస్తున్న ప్రోగ్రాము తాను ప్రస్తుతం ఏ పని చేస్తున్నదో, ఎంతవరకు పూర్తి చేసినదో, ఎక్కడ ఆగిపోయినదో వాడుకరికి తెలియజేసే చిన్న వాక్యాన్ని లేదా గుర్తును స్థితి సందేశం అంటారు. బొమ్మలు, కిటికీలు, మౌసు లేకుండా కేవలం అక్షరాలతోనే పనిచేసే తెరను పాఠ్య టెర్మినల్ అంటారు. యూనిక్స్, లినక్స్ వంటి నిర్వాహక వ్యవస్థలలో టెర్మినల్ నేటికీ విస్తృతంగా వాడుకలో ఉన్నది. టెర్మినల్‌పై స్థితి సందేశాలను చూపే పద్ధతులు, వాటి చరిత్ర, వాటిని వ్రాయుటలో పాటించవలసిన నియమాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

విషయ పరిచయం

టెర్మినల్ తెర గళ్ల నోటుపుస్తకంలోని పుట వంటిది. సాధారణంగా అందులో అడ్డంగా 80 గడులు, నిలువుగా 24 వరుసలు ఉంటాయి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరం ఇముడుతుంది. వాడుకరి టైపు చేసే ఆదేశాలు, ప్రోగ్రాము ఇచ్చే ఫలితాలు, ప్రోగ్రాము తన గురించి తాను చెప్పుకొనే స్థితి సందేశాలు - ఈ మూడూ ఆ ఒక్క పుటనే పంచుకోవాలి. ఒకదానిని చూపబోయి మరొకదానిని చెరిపివేయకుండుట ఎట్లా అన్నదే ఈ రంగంలోని మూల సమస్య.

స్థితి సందేశాలను ముఖ్యంగా ఐదు రకాలుగా విభజించవచ్చును.

* ప్రగతి సందేశం: పని ఎంత శాతం పూర్తి అయినదో చెప్పునది.
* ముగింపు సందేశం: పని పూర్తి అయినదని చెప్పునది.
* హెచ్చరిక: పని సాగుతున్నది గాని ఒక విషయాన్ని వాడుకరి గమనించాలని చెప్పునది.
* దోష సందేశం: పని జరగలేదని, వీలైతే ఎందుకు జరగలేదో చెప్పునది.
* రీతి సూచన: వాడుకరి ఇప్పుడు ఒక మీట నొక్కితే అది అక్షరంగా చేరుతుందా, ఆదేశంగా అమలవుతుందా అన్నది తెలిపేది.

చరిత్ర

టెలిటైపు కాలం

తొలినాటి టెర్మినళ్లకు తెర లేదు. 1963లో వెలువడిన టెలిటైప్ మోడల్ 33 యంత్రం కాగితంపై అచ్చువేసేది. దాని వేగం సెకనుకు 10 అక్షరాలు. ఒక వరుసకు 72 అక్షరాలు. అంటే 70 అక్షరాల సందేశం ముద్రించడానికి 7 సెకన్లు పట్టేది. ముద్రించిన అక్షరాన్ని చెరపడం అసాధ్యం. అందువలన నాటి ప్రోగ్రాములు మితభాషులు. కెన్ థాంప్సన్ 1969లో యూనిక్స్ కొరకు రచించిన ఎడ్ అనే ఎడిటరు ఎటువంటి పొరపాటు జరిగినా ఒకే ఒక ప్రశ్నార్థకాన్ని ముద్రిస్తుంది. ఫైలును భద్రపరచినప్పుడు అందులోని అక్షరాల సంఖ్యను మాత్రం చెబుతుంది. పని సవ్యంగా జరిగితే మౌనంగా ఉండుట అనే యూనిక్స్ సంప్రదాయానికి ఈ నెమ్మది యంత్రాలు ఒక ముఖ్య కారణం.

ఆస్కీ సంకేత పట్టికలో 7వ సంకేతం గంట. దానిని పంపితే టెలిటైపులోని నిజమైన గంట మోగేది. దూరంగా ఉన్న ఆపరేటరును పిలవడానికి ఇది ఉపయోగపడేది. నేటి టెర్మినళ్లలో అదే సంకేతం చిన్న శబ్దంగానో, తెర ఒకసారి మెరవడంగానో మిగిలి ఉన్నది.

తెర టెర్మినళ్లు

1970 దశకంలో తెర గల టెర్మినళ్లు వ్యాపించాయి. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వీటీ52 1975లోను, లియర్ సీగ్లర్ వారి ఏడీఎం-3ఏ 1976లోను, వీటీ100 1978లోను వచ్చాయి. వీటిలో కర్సరును తెరపై కోరిన చోటికి జరపవచ్చును. దీనితో ఉన్న సందేశాన్ని చెరిపి దాని స్థానంలో కొత్తది వ్రాయుట సాధ్యమైనది. వీటీ100 కీబోర్డుపై కంప్యూటరు తన ఇష్టప్రకారం వెలిగించగల 4 చిన్న దీపాలు కూడా ఉండేవి.

కొందరు తయారీదారులు సందేశాల కొరకు 24 వరుసల క్రింద 25వ వరుసను ప్రత్యేకించారు. హీత్‌కిట్ హెచ్19, డిజిటల్ వారి వీటీ320 దీనికి ఉదాహరణలు. దీనిని స్థితి పంక్తి అంటారు. మిగిలిన తెర ఎంత పైకి జరిగినా ఈ పంక్తి కదలదు. ఐబీఎం 3270 కుటుంబానికి చెందిన టెర్మినళ్లలో కూడా తెర అడుగున ఆపరేటరు సమాచార వరుస ఉన్నది. అందులో ఇంటూ గుర్తు, దాని ప్రక్కన గడియారం బొమ్మ కనిపిస్తే కంప్యూటరు పనిలో ఉన్నదని, అంతవరకు కీబోర్డు పనిచేయదని అర్థం. భాషతో నిమిత్తం లేకుండా ఒక్క చూపులో తెలిసే సందేశానికి ఇది మంచి ఉదాహరణ.

సాఫ్ట్‌వేరు పద్ధతులు

ప్రత్యేక వరుస లేని టెర్మినళ్లలో ఆ పనిని ప్రోగ్రాములే చేపట్టాయి. బిల్ జాయ్ 1976 ప్రాంతంలో రచించిన వీఐ ఎడిటరు తెర చివరి వరుసను సందేశాలకు, ఆదేశాలకు వినియోగించింది. ఈమాక్స్ ఎడిటరు రెండు వరుసలను వాడుతుంది. ఒకదానిలో ఫైలు పేరు, అది మార్చబడినదా లేదా అన్న గుర్తులు స్థిరంగా ఉంటాయి; దాని క్రింది వరుసలో తాత్కాలిక సందేశాలు వచ్చి పోతుంటాయి. అట్లా పోయిన సందేశాలు వేరొక బఫరులో దాచబడతాయి గనుక తరువాత చదువుకొనవచ్చును.

వీఐ ఎడిటరులోని కర్సరు నియంత్రణ భాగం ఆధారంగా కెన్ ఆర్నల్డ్ కర్సెస్ అనే లైబ్రరీని రూపొందించాడు. దానితో ఇతర ప్రోగ్రాములకు కూడా తెరను భాగాలుగా పంచుకొనే సౌకర్యం లభించింది. 4.3బీఎస్‌డీలోని సిస్‌లైన్ అనే ప్రోగ్రాము సమయాన్ని, యంత్రంపై ఉన్న భారాన్ని, కొత్త ఉత్తరం వచ్చిన సంగతిని స్థితి పంక్తిలో చూపేది. 1987లో వచ్చిన స్క్రీన్, 2007లో వచ్చిన టీమక్స్ ప్రోగ్రాములు ఒకే టెర్మినల్‌లో అనేక పనులను నడుపుతూ, అడుగున ఒక వరుసలో వాటి పేర్లను చూపుతాయి. టీమక్స్‌లో తాత్కాలిక సందేశం మామూలుగా 750 మిల్లీసెకన్లు మాత్రమే నిలుస్తుంది; ఈ వ్యవధిని వాడుకరి మార్చుకొనవచ్చును.

ప్రదర్శించే విధానాలు

కొత్త వరుసలో వ్రాయుట

అన్నిటికంటె సులభమైన పద్ధతి ఇది. ప్రతి సందేశమూ ఒక కొత్త వరుసలో వస్తుంది. పాతవి పైకి జరుగుతాయి. చరిత్ర అంతా మిగులుతుంది, ఫైలులో భద్రపరచుటకు అనుకూలం. సందేశాలు ఎక్కువైతే మాత్రం ముఖ్యమైనది తెర దాటి పైకి పోయే ప్రమాదం కలదు.

ఉన్న వరుసనే తిరిగి వ్రాయుట

ఆస్కీలో 13వ సంకేతం కర్సరును అదే వరుస మొదటికి తెస్తుంది. 10వ సంకేతం క్రింది వరుసకు దింపుతుంది. 10వ దానిని పంపక 13వ దానిని మాత్రమే పంపితే పాత సందేశంపైనే కొత్త సందేశం పడుతుంది. డౌన్‌లోడు ప్రోగ్రాములు 1 శాతం నుండి 100 శాతం వరకు ఒకే వరుసలో చూపగలగడం ఈ ఉపాయం వలననే. ఇందులో ఒక చిక్కు ఉన్నది. కొత్త సందేశం పాతదానికంటె పొట్టిదైతే పాతదాని తోక మిగిలిపోతుంది. కావున ముందుగా వరుసను తుడవాలి. 27వ సంకేతమైన ఎస్కేప్, దాని తరువాత చదరపు కుండలీకరణం, ఆ తరువాత కె అనే పెద్ద ఇంగ్లీషు అక్షరం పంపితే కర్సరు నుండి వరుస చివరి వరకు తుడిచివేయబడుతుంది. ఇటువంటి ఎస్కేప్ వరుసక్రమాలు ఈసీఎంఏ-48, ఆన్సీ ఎక్స్3.64 ప్రమాణాలలో నిర్దేశించబడినవి.

వరుసను ప్రత్యేకించుట

తెరలో ఏ వరుస నుండి ఏ వరుస వరకు పైకి జరగవచ్చునో వీటీ100 తరహా టెర్మినల్‌కు ఆదేశించవచ్చును. 24 వరుసలలో 1 నుండి 23 వరకే జరగాలని చెబితే 24వ వరుస స్థిరంగా నిలుస్తుంది. డెబియన్ వ్యవస్థలోని ఆప్ట్ ఆదేశం 2014 నుండి ఈ విధంగానే తెర అడుగున ప్రగతి పట్టీని చూపుతున్నది. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే ఈ ఏర్పాటును రద్దు చేసి పోవలెను. లేనిచో తరువాతి ఆదేశాల ఫలితాలు వింతగా కనిపిస్తాయి.

హార్డ్‌వేరు స్థితి పంక్తి గల టెర్మినళ్ల వివరాలు టెర్మ్‌ఇన్ఫో అనే దత్తాంశంలో ఉంటాయి. స్థితి పంక్తి ఉన్నదా, అక్కడికి పోవుట ఎట్లా, తిరిగి వచ్చుట ఎట్లా, దానిని మూసివేయుట ఎట్లా, దాని వెడల్పు ఎంత అన్న ఐదు ప్రశ్నలకు అందులో జవాబులు దొరుకుతాయి.

వాడుకరి అడిగినప్పుడు చెప్పుట

టాప్స్-20 వంటి పాత వ్యవస్థలలో కంట్రోల్-టీ నొక్కితే నడుస్తున్న పని స్థితి తెలిసేది. బీఎస్‌డీ వ్యవస్థలు, మ్యాక్‌ఓఎస్ దీనిని కొనసాగించాయి. ప్రోగ్రాము తనంతట తాను మాట్లాడక, అడిగినప్పుడే బదులు చెప్పుట దీనిలోని విశేషం. లినక్స్‌లో ఈ మీట లేదు. అక్కడి డీడీ ఆదేశానికి 2015లో ప్రగతిని నిరంతరం చూపే ఐచ్ఛికం చేర్చబడినది.

ఫలితం వేరు, సందేశం వేరు

యూనిక్స్‌లో ప్రతి ప్రోగ్రాముకు మూడు ప్రవాహాలు తెరచి ఉంటాయి. 0వది ప్రామాణిక ఇన్‌పుట్, 1వది ప్రామాణిక అవుట్‌పుట్, 2వది ప్రామాణిక దోష ప్రవాహం. మొదట్లో మూడవది లేదు. 1970 దశకంలో బెల్ ప్రయోగశాలలలో ఫొటో టైప్‌సెట్టరుకు పంపిన పనులలో దోష సందేశాలు తెరపై కనిపించక, ఫొటో కాగితంపైనే అందంగా అచ్చయి వచ్చేవి. కాగితం వృథా కావడమే గాక, దానిని కడిగి చూచేవరకు తప్పు జరిగినట్లే తెలిసేది కాదు. ఈ అనుభవం తరువాత దోష ప్రవాహం వేరు చేయబడినది.

దీని నుండి ఒక నియమం ఏర్పడినది. ఫలితం 1వ ప్రవాహంలోను, ప్రగతి, హెచ్చరిక, దోష సందేశాలు 2వ ప్రవాహంలోను పోవలెను. అప్పుడు ఫలితాన్ని ఫైలులోకో, మరొక ప్రోగ్రాములోకో మళ్లించినా సందేశాలు వాడుకరికి కనిపిస్తూనే ఉంటాయి, ఫలితంతో కలిసిపోవు. కర్ల్ ప్రోగ్రాము తన ప్రగతి పట్టికను 2వ ప్రవాహంలోనే వ్రాస్తుంది.

మరి రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, సీ భాషలో 1వ ప్రవాహం టెర్మినల్‌కు పోవునప్పుడు సాధారణంగా వరుస పూర్తి అయ్యేవరకు అక్షరాలు బఫరులో నిలిచి ఉంటాయి. వరుస ముగింపు లేని ప్రగతి సందేశాన్ని బలవంతంగా వెలుపలికి పంపకపోతే అది పని అంతా అయిన తరువాత కనిపించవచ్చును. రెండవది, వెలువడే అక్షరాలు తెరకే పోతున్నవా, ఫైలుకు పోతున్నవా అన్నది ఐఎస్‌ఏటీటీవై అనే ఫంక్షను ద్వారా ముందుగా తెలుసుకొనవలెను. ఫైలుకు పోవునప్పుడు రంగులు, చెరిపి వ్రాయుట మానివేయుట మంచిది.

చిన్న వాక్యం, పెద్ద పర్యవసానం

స్థితి సందేశం అలంకారం కాదు. దానిని నమ్మి మనిషి ఒక నిర్ణయం తీసుకొంటాడు. ఆగిపోయినదనుకొని సాగుతున్న పనిని చంపవచ్చును. పూర్తి అయినదనుకొని తొందరపడవచ్చును. ఉదాహరణకు, పెన్‌డ్రైవులోకి నకలు చేసినప్పుడు లినక్స్ మొదట దత్తాంశాన్ని జ్ఞాపకశక్తిలో ఉంచుకొని, తరువాత తీరికగా పెన్‌డ్రైవుకు వ్రాస్తుంది. 100 శాతం అని చూచిన వెంటనే పెన్‌డ్రైవును లాగితే ఫైలు సగమే ఉండవచ్చును. అక్కడ 100 అన్న అంకె అబద్ధం కాదు గాని, వాడుకరి అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

థెరాక్-25 ఉదంతం

ఈ విషయంలో అత్యంత విషాదకరమైన ఉదాహరణ థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రం. దీనిని అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ సంస్థ తయారుచేసింది. పీడీపీ-11 కంప్యూటరు, వీటీ100 టెర్మినల్ ద్వారా ఆపరేటరు దీనిని నడిపేవారు. 1985 జూన్ నుండి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులు ఈ యంత్రం వలన అపారమైన మోతాదుకు గురైనారు.

1986 మార్చిలో టెక్సస్ రాష్ట్రంలోని టైలర్ పట్టణంలో ఆపరేటరు చికిత్స రకాన్ని తెలిపే ఒక అక్షరాన్ని పొరపాటున టైపు చేసి, కర్సరును పైకి జరిపి వెంటనే దిద్దారు. తెరపై అంతా సరిగానే కనిపించింది. కాని లోపల సాఫ్ట్‌వేరు ఆ మార్పును పూర్తిగా గ్రహించలేదు. చికిత్స మొదలుపెట్టగానే "మాల్‌ఫంక్షన్ 54" అనే సందేశం వచ్చి యంత్రం నిలిచింది. 202 యూనిట్లు ఇవ్వవలసి ఉండగా 6 యూనిట్లే ఇచ్చినట్లు తెర చూపింది. ఇటువంటి చిన్న విరామాలకు అలవాటుపడిన ఆపరేటరు, కొనసాగించుటకు ఒక్క మీట నొక్కారు. నిజానికి 180 రాడ్‌ల మోతాదు పొందవలసిన రోగికి 16,500 నుండి 25,000 రాడ్‌లు సోకినట్లు తరువాత అంచనా వేశారు. ఆ రోగి ఐదు నెలల తరువాత మరణించాడు. అదే ఆస్పత్రిలో ఏప్రిల్‌లో అదే సందేశంతో మరొకరు ఇదే విధంగా గురై, మే నెలలో మరణించారు.

ప్రమాదానికి మూలకారణం సాఫ్ట్‌వేరులోని లోపము, రక్షణ ఏర్పాట్లు లేకపోవడము. కాని స్థితి సందేశాలు కూడా మూడు విధాలుగా విఫలమైనవి. 54 అన్న అంకెకు అర్థం ఆపరేటరు పుస్తకంలో లేదు. ఆ సంకేతం మోతాదు ఎక్కువైనా, తక్కువైనా ఒకే విధంగా వచ్చేది. ప్రాణాపాయమైన స్థితికి, మామూలు విరామానికి తెరపై తేడా కనిపించలేదు. నాన్సీ లెవిసన్, క్లార్క్ టర్నర్ 1993లో ప్రచురించిన పరిశోధన ద్వారా ఈ ఉదంతం కంప్యూటరు శాస్త్ర విద్యార్థులకు పాఠ్యాంశమైనది.

తెలుగులో స్థితి సందేశాలు

భారతీయ లిపులను టెర్మినళ్లపై చూపే ప్రయత్నాలు 1980 దశకంలోనే మొదలైనవి. ఐఐటీ కాన్పూరులో ఆరంభమై, పూణెలోని సీ-డ్యాక్‌లో అభివృద్ధి చెందిన జిస్ట్ సాంకేతికత వీటిలో ముఖ్యమైనది. 1991లో ఇస్కీ సంకేత పద్ధతి భారతీయ ప్రమాణంగా వెలువడినది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగు లిపికి స్థానం లభించినది. అయినప్పటికీ తెలుగు సందేశాలకు టెర్మినల్‌లో కొన్ని ప్రత్యేక సమస్యలు ఉన్నాయి.

గడుల లెక్క: "స్థితి" అన్న మాట చదువరికి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో అది 6 సంకేతాలు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. గడులను లెక్కించే పాత పద్ధతిలో 3 గడులు. "కా" ఒక గడి కాగా "కు" రెండు గడులుగా లెక్కకు వస్తుంది. ఎందుకనగా యూనికోడ్‌లో ఆకారపు గుర్తు స్థలం ఆక్రమించనిదిగాను, ఉకారపు గుర్తు స్థలం ఆక్రమించేదిగాను వర్గీకరించబడినవి. ప్రోగ్రాము ఒక లెక్క, టెర్మినల్ మరొక లెక్క వేస్తే చెరిపి వ్రాసే సందేశాలలో అక్షరపు ముక్కలు మిగిలిపోతాయి.

క్రియ స్థానం: ఇంగ్లీషు సందేశంలో క్రియ సాధారణంగా మొదటనే వస్తుంది. తెలుగులో వాక్యాంతంలో వస్తుంది. ఫైలు పేరు పొడవైనదై సందేశం కుడి అంచున తెగిపోతే, ఇంగ్లీషులో పోయేది ఫైలు పేరు చివరి భాగం. తెలుగులో పోయేది అసలు సంగతి. "తొలగించబడినది", "తొలగించబడలేదు" అన్న మాటలకు తేడా చివరి మూడు అక్షరాలలోనే ఉన్నది. ఆ మూడు తెగిపోతే సందేశం ఉన్నా లేనట్లే. అందుచేత "తొలగింపు విఫలం" అని ముందు వ్రాసి, ఆ పైన ఫైలు పేరు ఇచ్చుట క్షేమం.

వచనం, విభక్తి: "1 ఫైలు నకలు చేయబడినది", "5 ఫైళ్లు నకలు చేయబడినవి" - సంఖ్య మారితే నామవాచకంతోపాటు క్రియ కూడా మారుతుంది. కావున ముక్కలు అతికించక, రెండు పూర్తి వాక్యాలను విడిగా అనువదించవలెను. గెట్‌టెక్స్ట్ అనే అనువాద సాధనంలో దీనికి ఏర్పాటు ఉన్నది. ఫైలు పేరుకు నేరుగా విభక్తి ప్రత్యయం తగిలించుటకంటె, పేరు తరువాత "అనే ఫైలును", "అనే ఫైలులో" అని చేర్చుట సులభం.

అందరికీ అందుబాటు

ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా గుర్తించలేనివారు గణనీయంగా ఉన్నారు. జయాపజయాలను రంగుతో మాత్రమే సూచించక మాటతో కూడా చెప్పవలెను. రంగులు వద్దనుకొనే వాడుకరి కోరికను ఒక పర్యావరణ చలరాశి ద్వారా గుర్తించే సంప్రదాయం 2017 నుండి వ్యాపించినది. అంధులు తెర చదివే సాఫ్ట్‌వేరు ద్వారాను, బీఆర్‌ఎల్‌టీటీవై వంటి ప్రోగ్రాముతో బ్రెయిలీ పరికరం ద్వారాను టెర్మినల్‌ను వాడతారు. క్షణక్షణం మారే ప్రగతి పట్టీ వారికి నిరంతర అంతరాయం. దానిని నిలిపివేసే ఐచ్ఛికం తప్పనిసరిగా ఉండవలెను.

పాటించదగిన నియమాలు

* సెకనులో పదవ వంతు లోపల ముగిసే పనికి ప్రగతి సందేశం అవసరం లేదు. 10 సెకన్లు మించితే ఎంత పూర్తి అయినదో చెప్పవలెను. ఈ పరిమితులను జాకబ్ నీల్సన్ 1993లో ప్రచారంలోకి తెచ్చాడు.
* మొత్తం ఎంతో తెలియనప్పుడు శాతం చూపరాదు. ఇప్పటికి ఎన్ని పూర్తి అయినవో చెబితే చాలును.
* దోష సందేశంలో ఏ పని, ఏ ఫైలు, ఏ కారణం, తరువాత ఏమి చేయవచ్చును అన్న నాలుగు అంశాలు ఉండవలెను. అంకె ఇచ్చినచో దాని అర్థం కూడా ప్రక్కనే ఇవ్వవలెను.
* ప్రమాదకరమైన స్థితి సందేశం మామూలు సందేశాలవలె ఉండరాదు. తనంతట తాను మాయం కారాదు.
* వాడుకరి టైపు చేస్తున్న వరుసపై సందేశం వ్రాయరాదు.
* తెర వెడల్పు మారినప్పుడు దానిని గుర్తించి సందేశాన్ని సరిచేయవలెను.
* మనుషులకు సందేశం, ఇతర ప్రోగ్రాములకు నిష్క్రమణ సంకేతం ఇవ్వవలెను. యూనిక్స్‌లో 0 విజయాన్ని, మిగిలిన అంకెలు వైఫల్యాన్ని సూచిస్తాయి. సందేశం ఒకటి, సంకేతం మరొకటి చెప్పరాదు.

ఇవి కూడా చూడండి

* యూనిక్స్
* ఆస్కీ
* యూనికోడ్
* తెలుగు లిపి
* ఈమాక్స్